వీలునామా వ్రాసితిరి, సరే, చెప్పితిరా?

వీలునామా వ్రాయుట ఒకప్పుడు జమీందారులకును, సంతానము లేని ధనికులకును మాత్రమే సంబంధించిన వ్యవహారముగా మన ప్రాంతమున తోచెడిది. నేడట్లు కాదు. శ్రీకాళహస్తి సన్నిధివీధిలో చిన్న అంగడి నడుపుకొను వర్తకుడును, స్వర్ణముఖి గట్టున రెండు మూడెకరముల మడి కలిగిన రైతును, కలంకారీ వ్రాతపనితో బిడ్డలను చదివించి పైకి తెచ్చిన గృహస్థుడును, పిల్లలలో ఒకడు బెంగుళూరునను, ఒకతె చెన్నపట్టణమునను, మరియొకడు సముద్రముల కావలను స్థిరపడగా, తమ యనంతరము తగవులు రాకూడదను సదుద్దేశముతో దస్తావేజు లేఖరిని పిలిచి, ఇద్దరు సాక్షులను కూర్చుండబెట్టి, వీలునామా వ్రాయించి, రిజిస్టరు చేయించి, ఇక తమ బాధ్యత తీరినదని నిశ్చింతగా నుందురు. అప్పటికి తీరినది సగము బాధ్యతయే యని నా అభిప్రాయము.

ఏలయన, వీలునామా తనంతట తాను నడచునది కాదు. దానిని నడిపించుటకొక మనుష్యుడు కావలెను. ఆ మనుష్యుని చట్టము ఎగ్జిక్యూటరనుచున్నది. ఆస్తిని మరియొకరి మేలుకొరకు కొంతకాలము చేతనుంచుకొని కాపాడవలసినవానిని ట్రస్టీ యనుచున్నది. మన వీలునామాలలో సర్వే నంబర్లును, విస్తీర్ణములును, నాలుగు దిక్కుల చెక్కుబందీయు పుటలు పుటలుగా వ్రాయబడియుండును. అంతయు ముగిసిన పిదప, కడపటి పుటలో, ‘నా మేనల్లుడైన ఫలానావానిని ఎగ్జిక్యూటరుగా నియమించితిని’ అని యొక్క వాక్యముండును. ఆ వాక్యమును చదివి వినిపించుకొన్నవారు సాక్షులు, వ్రాసినవాడు లేఖరి, నకలు చేసికొన్నది రిజిస్ట్రారు కచ్చేరి, తెలియనివాడు ఆ మేనల్లుడొక్కడే. కర్మాంతరము ముగిసిన పిమ్మట ఇనుప బీరువా తెరచినప్పుడు, ‘అబ్బీ, ఇందులో నీ పేరు రాసుండాడు మీ మామ’ అని ఇంటివారు చెప్పగా, అతడు తెల్లబోయి, తాను చేయవలసినదేమో, ఎక్కడ మొదలిడవలెనో తెలియక నిలుచును. అది నయము, బీరువాలో ఆ కాగితమే దొరకని యిండ్లు మరికొన్ని.

ఆస్తి తగవులన్నియు దురాశవలననే పుట్టునని లోకము తలచుచున్నది. మన క్షేత్రమునకు పేరు పెట్టిన పురాణకథ వేరొక సంగతిని చెప్పుచున్నది. కాళమను సర్పము రాత్రివేళ పాతాళమునుండి మణులు తెచ్చి శివలింగమునకు అర్పించుచుండెను. హస్తి పగటివేళ స్వర్ణముఖిలో మునిగి, తొండముతో నీరును, మారేడు దళములను తెచ్చి, ఎవరో వేసిన రాళ్లనుకొని ఆ మణులను త్రోసివైచి తన పూజ చేయుచుండెను. మరల వచ్చిన సర్పము ఆకులను చెత్తయనుకొని తొలగించి మణులు పెట్టుచుండెను. కొన్నాళ్లకు కోపము పెరిగి, సర్పము తొండములో దూరగా, ఆ బాధకు తాళలేక ఏనుగు తలను బండకు మోదుకొనగా, రెండును మరణించినవి. ఆ రెంటిలో దేనికిని దురాశ లేదు. రెంటికిని ఉద్దేశము ఒక్కటియే. లేనిదెల్ల, ఒకటి చేయుచున్న పని మరియొకదానికి తెలియుట. మంచి మనస్సు గల అన్నదమ్ములును, మంచి మనస్సు గల ఎగ్జిక్యూటరును ఒకరినొకరు అనుమానించి కోర్టుకెక్కుట యెట్లు సంభవించునో ఈ కథకంటె స్పష్టముగా చెప్పునది మరియొకటి లేదు. పురాణమున ఆ మూగజీవులకు శివుడు సాయుజ్యమిచ్చెను. మన సివిలు కోర్టులకు అట్టి యధికారము లేదు.

ఎగ్జిక్యూటరు పని గౌరవపదవి కాదు. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము ప్రకారము మృతుని ఆస్తి యావత్తును ఆ హోదాలో అతనియందే నిలుచును. మృతుని పక్షమున మాటలాడవలసినవాడు అతడే. అంత్యక్రియల వ్యయము మొదలుకొని, అప్పులు తీర్చుట, రావలసిన బాకీలు రాబట్టుట, మిగిలినదానిని వీలునామాలో చెప్పిన చొప్పున పంచిపెట్టుట వరకు సర్వమును అతని తలమీదనే పడును. వీలునామాకు కోర్టు ధ్రువీకరణమైన ప్రొబేటు పొందినవాడైనచో ఆరు నెలలలో ఆస్తుల పట్టికను, సంవత్సరములోగా జమాఖర్చుల లెక్కను కోర్టుకు దాఖలు చేయవలెను. మన రాయలసీమలో హిందువులు వ్రాసిన వీలునామాకు సాధారణముగా ప్రొబేటు తప్పనిసరి కాకపోయినను, లెక్క అడుగువారు కోర్టులో లేకున్న ఇంటిలోనైనను ఉందురు గదా! వీలునామా వ్రాసినవాడు మరణించిన దినమునుండి ఒక సంవత్సరము గడచువరకు పంపకము చేయుమని ఎగ్జిక్యూటరును నిర్బంధింపరాదని చట్టమే గడువిచ్చినది. ఆ గడువు లెక్కలు తేల్చుకొనుటకు ఇచ్చినది. ఆస్తి యెచ్చటెచ్చట నున్నదో ఊరూర విచారించుకొనుటకు ఇచ్చినది కాదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి యున్నది. పేరు వ్రాసినంత మాత్రమున ఎవడును బద్ధుడు కాడు. ఎగ్జిక్యూటరు ఆ భారమును నిరాకరింపవచ్చును. ట్రస్టు విషయమునను 1882వ సంవత్సరపు చట్టము, దానిని స్వీకరించి తీరవలెనను నిర్బంధము ఎవనికిని లేదని చెప్పి, ఒకసారి స్వీకరించినచో మాత్రము కోర్టు అనుమతిగాని, లబ్ధిదారుల సమ్మతిగాని, ట్రస్టు పత్రములోనే యిచ్చిన అధికారముగాని లేక విడిచిపోరాదని కట్టడి చేసినది. బుద్ధిమాంద్యము గల బిడ్డ పోషణకొరకో, తల్లిదండ్రులు లేని మనుమరాలి చదువుకొరకో, ఒక యింటి అద్దెను ట్రస్టుగా నేర్పరచిన పెద్దమనిషి, ఆ భారమును ఇరువదియేండ్లు మోయవలసినవానితో ఒక్క గంట కూర్చుండి మాటలాడక, కాగితముమీద పేరు మాత్రము వ్రాసి పోవుట ఎంత సాహసమో ఆలోచింపుడు. అతడు వద్దన్నచో ఆ బిడ్డకు దిక్కెవరు? ఈ ప్రశ్నకు సమాధానము వ్రాసినవాడు బ్రతికియుండగనే తెలియవలెను గాని, పోయిన పిమ్మట తెలిసి ప్రయోజనము లేదు.

‘రిజిస్టరు చేయించితిని గదా, సర్కారు కచ్చేరిలో ఉన్నది గదా’ అని కొందరు సమాధానపడుదురు. రిజిస్ట్రేషను వలన వీలునామాకు బలము కలుగుట నిజమే. చట్టము దానిని నిర్బంధము చేయకపోయినను చేయించుట మేలే. కాని రిజిస్టరైన వీలునామా తానై ఎవరికిని కబురు పంపదు. వీలునామాలను మూడవ పుస్తకమను ప్రత్యేక గ్రంథములో నమోదు చేయుదురు. అందులోని నకలును వ్రాసినవాడు బ్రతికియున్నంత కాలము అతనికిగాని అతని ఏజెంటుకుగాని తప్ప మరెవరికిని ఇయ్యరాదని 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము శాసించినది. అతడు మరణించిన పిదప ఎవరడిగినను ఇత్తురు. ఈ కట్టడి మిక్కిలి ఉచితమైనది. కాని దాని ఫలితమేమి? ఇంటి క్రయపత్రమువలె ఇ.సి. తీసి చూచినంతనే బయటపడునది కాదు వీలునామా. అట్టిదొకటి యున్నదని, ఏ కచ్చేరిలో ఏ సంవత్సరమున నమోదైనదని తెలిసినవాడే వెళ్లి అడుగగలడు. అదే చట్టమున మరియొక సౌకర్యము కలదు, మనలో పలువురెరుగనిది: వీలునామాను సీలు వేసిన కవరులో పెట్టి, పైన తన పేరు వ్రాసి, జిల్లా రిజిస్ట్రారువద్ద దాచుకొనవచ్చును, ఆయన దానిని అగ్నిభయము లేని పెట్టెలో భద్రపరచును. వ్రాసినవాడు మరణించెనని ఎవరైన దరఖాస్తు పెట్టుకొన్నప్పుడే ఆ కవరును తెరచుదురు. దరఖాస్తు పెట్టువాడు లేనిచో ఆ కవరు ఆ పెట్టెలోనే ఉండును. పోయినవారి పేర్లు వెదకి కవర్లు విప్పుట రిజిస్ట్రారు పని కాదు.

ఈ విషయమున మన పూర్వులు మనకంటె వివేకవంతులని ఒప్పుకొనక తప్పదు. తిరుమల తిరుపతి దేవాలయముల గోడలమీద వేయికి పైగా శాసనములున్నవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి మొదలైన పండితుల కృషి ఫలముగా దేవస్థానమువారు వానిని సంపుటములుగా ప్రకటించియున్నారు. క్రీ. శ. 966 నాటి శాసనమున పల్లవ రాణి సామవై తాను వెండితో చేయించిన శ్రీనివాసమూర్తిని, ఆ మూర్తికిచ్చిన నగలను, భూములను, ఆ రాబడితో జరుపవలసిన ఉత్సవములను పేర్కొనినది. విజయనగర ప్రభువుల నాటికి ఈ పద్ధతి మరియు పరిపక్వమైనది: దాత సొమ్మును ఆలయపు భాండారమున చెల్లించును, ఆలయపాలకులైన స్థానత్తార్లు ఆ సొమ్మును దేవస్థాన గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగింతురు, పెరిగిన పంటతో నైవేద్యము జరుగును, ప్రసాదములో నాలుగవ వంతు దాతకుగాని, అతడు నిర్దేశించినవారికిగాని చెందును, ఇదియెల్ల సూర్యచంద్రులున్నంత వరకు, సంతానపరంపరగా జరుగవలెనని శిలమీద చెక్కింతురు. ఇందులో ఏమి లోపించినది? సొమ్మెంత, ఎవరి చేతికిచ్చినది, దేనిమీద పెట్టవలసినది, ఫలమెవరికి, పంపకమెట్లు అను అన్ని అంశములును ఉన్నవి. పని చేయవలసినవాడును, ఫలము పొందవలసినవాడును, దారిన పోవు భక్తుడును ఆ గోడనే చదువుకొనవచ్చును. పేరు నిలుపుకొనవలెనను కోరిక అందులో లేదనను. అయినను ఆ కోరికతోపాటు లోకజ్ఞానమును ఉన్నది. మన శ్రీకాళహస్తి గాలిగోపురము 2010 మే 26వ తేదీ రాత్రి కూలిపోయినను, దానిని శ్రీకృష్ణదేవరాయలు 1516 ప్రాంతమున కట్టించెనని నేడు మనము నిస్సందేహముగా చెప్పగలుగుచున్నామన్న, అది వ్రాసి పెట్టిన శాసనము వలననే గదా.

వ్రాసియు, నడిపించువారు సరిగా కుదురనందున చెడిన ధర్మమునకు చెన్నపట్టణమే ఉదాహరణము చూపినది. దుబాసీగా అపారధనమార్జించిన పచ్చయప్ప మొదలియారు 1794లో, నలుబదియేండ్ల వయస్సున, మరణమునకు కొలది దినములు ముందుగా వీలునామా వ్రాసి, తన ధనమును దేవతార్చనలకును దానధర్మములకును వినియోగింపుడని కోరెను. వీలునామా ఉండెను, ధనముండెను, నిర్వాహకులుండిరి. కాని కుటుంబ వివాదములును, నిర్వాహకుల ఉపేక్షయు కలిసి ఆ ధర్మమును దశాబ్దములకొలది వ్యాజ్యములపాలు చేసెను. కట్టకడకు చెన్నపట్టణపు సుప్రీంకోర్టు కలుగజేసికొని, అడ్వొకేటు జనరలు జార్జి నార్టను వంటివారి పూనిక తోడ్పడగా, ధర్మకర్తల మండలి యేర్పడి, పేరుకొన్న మిగులు సొమ్ముతో 1842లో పాఠశాల తెరువబడినది. అదియే కాలక్రమమున పచ్చయప్ప కళాశాలయై వేలమందికి విద్యాదానము చేసినది. ముగింపు శుభమే, కాని వ్రాసినవాని కోరికకును, అది నెరవేరుటకును నడుమ రమారమి అర్ధశతాబ్దము గడచినది. చావుపడకమీద తొందరగా వ్రాసి, నడిపింపవలసినవారిని ముందుగా పరీక్షించుటకును, వారికి తన మనస్సు విప్పి చెప్పుటకును వ్యవధి లేకపోయిన పెద్దమనిషి కథ ఇది. మనకు ఆ వ్యవధి యున్నది. దానిని వృథా చేయుచున్నాము.

సొమ్ము ఒకరి పేరికి మార్చి, ఉద్దేశమును స్పష్టముగా వ్రాయకపోయినచో ఏమగునో హైదరాబాదు చెప్పినది. 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య జరిగిన దినములలో, లండనునందలి వెస్ట్‌మినిస్టరు బ్యాంకులోని నిజాము ప్రభుత్వపు ఖాతానుండి పది లక్షల పౌండ్లకు పైబడిన మొత్తము అచ్చటి పాకిస్తాను హైకమిషనరు రహీంతూలా పేరికి మార్పబడెను. కొలది దినములకే నిజాము, అది తన యనుమతి లేక జరిగినదని, తిరిగి యిప్పింపుడని కోరెను. ఆ సొమ్ము ఎవరికొరకు, ఏ షరతుపై మార్పబడినదో తేల్చు స్పష్టమైన పత్రము లేకుండుటచే వ్యాజ్యము తరములు దాటినది. 2019 అక్టోబరు 2వ తేదీన లండను హైకోర్టు, రహీంతూలా ఆ సొమ్మును ట్రస్టీగా నిజాము కొరకే యుంచుకొన్నట్లు నిర్ణయించి, నిజాము మనుమలును భారత ప్రభుత్వమును గల పక్షమునకు తీర్పు చెప్పెను. అప్పటికి ఆ మొత్తము మూడున్నర కోట్ల పౌండ్లకు చేరినది. సొమ్ము పంపినవాడును, పుచ్చుకొన్నవాడును కాలగర్భమున కలిసిపోయిరి. నిజామంతటివాని సొమ్మే డెబ్బది యేండ్లు నిలిచిపోగా, సామాన్యుని సొమ్ముకు దిక్కేమి?

సామాన్యుని యింటిలో నష్టము లండనువరకు పోనక్కరలేదు. చాప క్రింది నీరువలె పెరటిలోనే జరిగిపోవును. మన ఊళ్లలో నమ్మకముమీద అప్పులిచ్చి పుచ్చుకొన్న ప్రోనోట్లున్నవి. మూడేండ్లలోగా వెనుక చెల్లు వేయించుకొనకున్న, లేక దావా వేయకున్న, అవి కాలదోషము పట్టి కేవలము కాగితములగును. బీరువాలో అట్టివి ఉన్నవని ఎగ్జిక్యూటరునకు తెలియునప్పటికి మూడేండ్లు గడచియుండును. ఇల్లు భోగ్యమునకిచ్చి పుచ్చుకొన్న మొత్తమున్నది. కాపురమున్నవారు ఖాళీ చేయునాడు దానిని తిరిగి ఇయ్యవలెను. ఆ సంగతి తెలియక సొమ్మంతయు పంచిపెట్టిన ఎగ్జిక్యూటరు ఎవరివద్దకు పోయి అడుగును? బ్యాంకులో కుదువబెట్టిన నగలు వడ్డీ కట్టక వేలమునకు పోవును. పదేండ్లు కదలని బ్యాంకు డిపాజిటు రిజర్వు బ్యాంకు నిర్వహించు ప్రత్యేక నిధికి చేరును. ఏడేండ్లు ఎవరును తీసికొనని డివిడెండ్లును, ఆపై షేర్లును మరియొక నిధికి చేరును. పదేండ్లు అడుగువారు లేని బీమా సొమ్ము వృద్ధుల సంక్షేమ నిధికి పోవును. ఇవి శాశ్వతముగా పోయినవని కాదు. హక్కుదారు ఋజువు చూపి తిరిగి పొందవచ్చును. ఇట్టి డిపాజిట్లను వెదకుటకు 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఉద్గం అను పోర్టలును ప్రారంభించినది. కాని వెదకవలెనని తోచినవాడే వెదకును గదా.

నామినీ పేరు వ్రాసితిమి గనుక వేరుగా చెప్పనక్కరలేదనువారు మరికొందరు. 2025 నవంబరునుండి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను వ్రాయుటకు వీలు కలిగినది; మంచిదే. అయినను నామినీ అనగా సాధారణముగా సొమ్మును బ్యాంకునుండి పుచ్చుకొనుటకు అర్హుడైనవాడే గాని, దానికి స్వంతదారు కాడు. బ్యాంకు ఖాతాల విషయమున 2010లోను, షేర్ల విషయమున 2023లోను సుప్రీంకోర్టు ఈ సంగతినే చెప్పినది. బీమాలో దగ్గరి బంధువులకు వేరొక నియమమున్నది. కావున పెద్దకుమారుని నామినీగా వ్రాసి, వీలునామాలో అదే సొమ్మును కూతురునకు వ్రాసిన తండ్రి, ఆ యిరువురకును, ఎగ్జిక్యూటరునకును ఆ సంగతి తెలుపనిచో, అన్నాచెల్లెండ్ర నడుమ వైరమునకు తానే విత్తనము నాటి పోయినవాడగును.

ఇంత చెప్పినను ఒక ఆక్షేపణ మిగిలియే యున్నది. అది తీసివేయదగినది కాదు. ‘నేనింకా గట్టిగానే ఉండాను గదప్పా, ఇప్పుడే ఆ మాటలెందుకు? చెప్పేస్తే రేపు నన్ను చూస్తారా?’ అని ముసలివారడుగుదురు. ఆ భయము వట్టిది కాదు. దానపత్రములు వ్రాయించుకొని తల్లిదండ్రులను వాకిట నిలిపిన బిడ్డలను చూచియే, 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టమున, పోషింతునను షరతుతో పుచ్చుకొన్న ఆస్తిని, షరతు తప్పినచో రద్దు చేయించుకొను వీలు కల్పింపవలసివచ్చినది. కాని వీలునామా దానపత్రము కాదు. వ్రాసినవాడు స్మృతి కలిగియున్నంత కాలము దానిని మార్చవచ్చును, చింపవచ్చును, వేరొకటి వ్రాయవచ్చును. ఎగ్జిక్యూటరునకు చెప్పినంతమాత్రమున అతనికిగాని, బిడ్డలకుగాని చిల్లిగవ్వ హక్కు కలుగదు. అదిగాక, చెప్పుమనుచున్నది సర్వమును కాదు. ఎవరికెంత అను రహస్యమును వారివద్దనే యుంచుకొనవచ్చును. ఏది ఎక్కడ అను సమాచారమును మాత్రము దాచరాదు. మనవారు ఈ రెంటిని కలగాపులగము చేసి, మొదటిదానిని దాచుటకై రెండవదానినిగూడ పాతిపెట్టుచున్నారు. పంపకము సీలు వేసిన కవరులో ఉండనిండు. కవరెక్కడ నున్నదో ఒకనికి తెలియవలెను.

చెప్పవలసినదేమి? ఒక పుట చాలును. వీలునామా అసలు ప్రతి యెక్కడ నున్నది, ఏ కచ్చేరిలో ఏ సంవత్సరమున రిజిస్టరైనది, సాక్షులెవరు, వారి యూరేది. పట్టాదారు పాసుపుస్తకములు, క్రయపత్రములు ఎచ్చటనున్నవి, ఏది తనఖాలో నున్నది. ఏ బ్యాంకులలో ఖాతాలు, డిపాజిట్లు, లాకరు. ఏ బీమా, ఏ చీటీ, ఏ డీమాట్ ఖాతా. ఎవరికి బాకీ, ఎవరివద్దనుండి రావలెను. పన్ను లెక్కలు చూచు ఆడిటరెవరు, వకీలెవరు. రహస్యసంకేతములు, పిన్ నంబర్లు అందులో వ్రాయరాదు. పోయినవాని ఫోనుతో సొమ్ము తీయుట తప్పు, అవసరమును లేదు. ఖాతా యున్నదని తెలిసినచో మిగిలినది ధ్రువపత్రములతో జరుగును. అసలు ప్రతిని తన యొక్కని పేరిటి లాకరులో పెట్టకూడదు. ఆ లాకరు తెరచుటకే హక్కుపత్రము చూపుమందురు, ఆ పత్రమేమో లాకరులో నుండును. ఆ పుట ఒక ప్రతి ఎగ్జిక్యూటరువద్దను, ఒక ప్రతి భార్యవద్దను ఉండవలెను. భార్యవద్ద అని ప్రత్యేకముగా చెప్పుచున్నాను. నలుబదియేండ్లు సంసారమీదిన ఇల్లాలికి, ఇంటిపన్ను రసీదు ఎచ్చటనున్నదోగూడ తెలియనియ్యని గృహస్థులు మన ఊళ్లలో ఇప్పటికిని కలరు. ఆమె పసుపుకుంకుమల నాటి పొలము, ఆమె నగలు, ఆమె పేరిటి పోస్టాఫీసు పొదుపు ఆమె ఆస్తియే గదా; ఆమెయు తన వీలునామా తాను వ్రాసి, ఒకరికి చెప్పదగును.

చెప్పుట ఒకసారితో ముగియదు. పొలము అమ్మి ప్లాటు కొన్నప్పుడు, బ్యాంకు శాఖ మారినప్పుడు, బిడ్డ పెండ్లియైనప్పుడు, ఎగ్జిక్యూటరే జబ్బుపడినప్పుడు ఆ పుటను మరల వ్రాయవలెను. వీలునామాయే మార్చినచో పాతదాని నకళ్లు ఎవరెవరివద్ద నున్నవో వారికందరికిని తెలుపవలెను. లేనిచో పాత వీలునామా పట్టుకొన్నవాడొకడు, క్రొత్తది పట్టుకొన్నవాడొకడు ఇరువురును సత్యమే పలుకుచు కోర్టులో నిలుతురు. తనకంటె పెద్దవానిని ఎగ్జిక్యూటరుగా పెట్టుట, ఒక్కని పేరు మాత్రమే వ్రాసి అతనికి బదులుగా మరియొకని పేరు వ్రాయకుండుట, ఊరు విడిచి యెన్నడును రాలేనివానిని ట్రస్టీగా నియమించుట, ఇవన్నియు మాటలాడుకొన్ననాడు పది నిమిషములలో సవరింపగల లోపములు; మాటలాడనినాడు పది సంవత్సరముల వ్యాజ్యములు. దూరదేశములనున్న బిడ్డలు సంక్రాంతికో, శివరాత్రి బ్రహ్మోత్సవములకో ఊరు చేరుదురు. ఆ పండుగనాడు ఈ మాటలు అశుభమనుకొనువారికి నా మనవి: చావును గూర్చి మాటలాడినందున ఎవడును చావలేదు, మాటలాడనందున విడిపోయిన యిండ్లు మాత్రము ప్రతి వీధిలోను ఉన్నవి.

కడపటి మాట వ్రాయువారికి కాదు, వ్రాయబడువారికి. మామయో, చిన్నాయనయో, పొరుగింటి పెద్దాయనయో ‘నీ పేరు వీలునామాలో వేసినాను రా’ అన్నప్పుడు, ‘సరే మామా’ అని తలయూచి ఊరకుండుట మర్యాద యని మన యువకులు తలచుచున్నారు. అది మర్యాద కాదు. అసలు ప్రతి ఎక్కడ, ఆస్తుల పట్టిక ఎవరివద్ద, నాకేమైన సంభవించినచో నా తరువాత ఎవరు అని మూడు ప్రశ్నలు అప్పుడే, ఆ గడపలోనే అడుగవలెను. మూటికిని సమాధానము దొరకినచో ఆ భారమును గౌరవముతో మోయుడు. దొరకనిచో, నొప్పింపక, కాని స్పష్టముగా, ‘నేను చేయలేను’ అని చెప్పుడు. అట్లు చెప్పుటయే ఆ పెద్దకు మీరు చేయగల మేలు. అది విని ఆయన సమర్థుడైన వేరొకనిని వెదకుకొనును, లేదా ఆ సాయంకాలమే ఒక తెల్లకాగితము తెప్పించుకొని పట్టిక వ్రాయ మొదలుపెట్టును.